టీవీకి పెట్టిన నల్ల బొట్టు

“ఇప్పుడే కదా కట్టినావు బావా, మళ్ళీ ఫోనెందుకు?” అన్నాను నవ్వుతూ.

అవతల మా ఆయన. వెనకాల లారీ హారన్లు వినిపించాయి. ఎవరో హిందీలో రొట్టెలు తెమ్మని అరుస్తున్నారు.

“నానేటి కట్టడం?” అన్నాడు.

“టీవీ ఆపడం. రోజూ ఎనిమిదికి నువ్వే కదా కడతన్నావు.”

“ఒసే, ఆ రిమోట్ డబ్బా మన టీవీకి పని సెయ్యనేదు కదే. ఆ యాప్ రెండో రోజే తీసీసినాను. నానెక్కడ కడతన్నాను?”

నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. ఎదురుగా హాల్లో నా పిల్లలిద్దరూ ఆగిపోయిన టీవీ ముందు నిలబడి చేతులూపుతున్నారు. “గుడ్‌నైట్ నాన్నా, గుడ్‌నైట్ నాన్నా” అంటున్నారు. ఫ్యాను తిరుగుతోంది. టీవీ కింద అంచున ఎర్ర లైటు వెలుగుతోంది. అంటే కరెంటు పోలేదు. ఎవరో ఆపారు.

నాలుగు రోజులుగా వీళ్ళు ఎవరికి గుడ్‌నైట్ చెబుతున్నారు? ఆ ప్రశ్న రాగానే ఫోను కింద పెట్టేసి పిల్లల్ని రెక్క పట్టుకుని పడగ్గదిలోకి లాక్కెళ్ళిపోయాను.

నేను పిరికిదాన్నే. ఒప్పుకుంటాను. గ్యాసు కట్టానో లేదో మూడుసార్లు చూస్తాను. పిల్లలు నిద్రపోయాక ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తాను. కాని నా భయాలన్నీ జ్వరాల గురించి, తలుపు గడియల గురించి, మనుషుల గురించి. దయ్యాలకి వాటిలో ఎన్నడూ చోటు లేదు. మా పుట్టిల్లు కళింగపట్నం పక్కన. అమావాస్య పూట రేవుకి వెళ్ళొద్దని మా నాయనమ్మ చెబితే పనిగట్టుకుని వెళ్ళి వచ్చిన దాన్ని. డిగ్రీలో కంప్యూటర్లు చదివాను. ఏది జరిగినా దానికి ఓ కారణం ఉంటుందని, ఓపిగ్గా వెతికితే దొరుకుతుందని నమ్మాను. ఈ విషయంలో నేను ఎంత వెతికానో రాయడానికే ఇప్పుడు కూర్చున్నాను.

మా ఆయనది సాలూరు. లారీ నడుపుతాడు. కొండదారి ఘాటీ ఎక్కి రాయపూర్ వైపు సరుకు తీసుకెళ్ళి, అక్కడ నుంచి మరో సరుకు తెస్తాడు. ఓ ట్రిప్పుకి పది రోజులు పడుతుంది, ఒక్కోసారి పన్నెండు. పిల్లల చదువు కోసం రెండేళ్ళ క్రితం రాజాంలో మేడ మీద వాటా అద్దెకి తీసుకున్నాం. కింద ఇంటావిడ పైడమ్మ గారు ఉంటారు. వీధి చివర ఆవిడకి కిరాణా కొట్టు ఉంది. ఈ ఊళ్ళో నేను పేరు పెట్టి పిలవగలిగిన పెద్దమనిషి ఆవిడొక్కరే. పిల్లలు బడికి వెళ్ళిపోయాక సాయంత్రం వరకు నా గొంతు నేను వినని రోజులు ఉంటాయి.

మా ఆయన ఇంట్లో ఉన్నప్పుడు ఒక పద్ధతి ఉండేది. సరిగ్గా ఎనిమిదికి టీవీ కట్టేసి “కట్టీసినాను, ఇంక తొంగోండి” అనేవాడు. పిల్లలు గుడ్‌నైట్ చెప్పి లేచిపోయేవారు. అతను రోడ్డు మీద ఉంటే మాత్రం నా మాట చెల్లేది కాదు. మా అమ్మాయి లాస్య రెండో తరగతి, చిన్ను ఇంకా అంగన్‌వాడీ వయసు. టీవీ ఆపితే వాడు నేల మీద పడి దొర్లేవాడు. నేను అరిచేదాన్ని, తర్వాత ఏడ్చేదాన్ని.

నిరుటి వానాకాలంలో చిన్నుగాడు టీవీ రిమోట్‌ని నానబెట్టిన బట్టల బకెట్‌లో వేశాడు. అది మళ్ళీ పని చేయలేదు. బజారులో దొరికే రిమోట్లు మా టీవీకి కుదరలేదు. కేబుల్ డబ్బా రిమోట్‌తో ఛానళ్ళు మార్చేవాళ్ళం. టీవీ పెట్టాలన్నా ఆపాలన్నా దాని అడుగున ఉన్న బొత్తాం నొక్కాలి.

అప్పుడు మా ఆయన తోటి డ్రైవరు ఎవరో చెబితే ఫోనులో ఒక స్మార్ట్ రిమోట్ తెప్పించాడు. నల్లగా, గుండ్రంగా, అరచేతిలో పట్టేంత ఉంది. ఇంట్లో వైఫైకి కలిపితే మన ఫోన్లోంచి టీవీని, ఏసీని నడపొచ్చు. “ఎక్కడున్నా ఎనిమిదికి నానే కట్టీస్తాను, నువ్వు గొంతు సించుకోనక్కర్నేదు” అని మురిసిపోయాడు.

అది వచ్చేసరికి అతను బయల్దేరి వెళ్ళిపోయాడు. ఆ మధ్యాహ్నం నేను కింద పైడమ్మ గారి వైఫై తీసుకుని దాన్ని కలిపాను. యాప్‌లో టీవీ కంపెనీల జాబితా వచ్చింది. మా కంపెనీ అందులో లేదు. దగ్గరగా ఉన్నవన్నీ ఒక్కొక్కటే ప్రయత్నించాను. టీవీ పలకలేదు. డబ్బాలోంచి అసలు కిరణం వస్తోందా అని ఫోను ముందు కెమెరాలోంచి చూశాను. మన కంటికి కనపడని ఆ వెలుగు కెమెరాలో ఊదారంగు చుక్కలా కనిపిస్తుంది. కనిపించింది. అంటే డబ్బా బాగానే ఉంది, దానికి మా టీవీ భాష రాదు. నేర్పే దారి ఒకటి ఉంది. పాత రిమోట్‌ని డబ్బా ఎదురుగా పెట్టి బొత్తాలు నొక్కితే అది నేర్చుకుంటుంది. ఆ పాత రిమోటే బకెట్లో చచ్చిపోయింది.

మా ఆయనకి ఫోను చేసి అంతా చెప్పాను. “నా వైపు నుంచి కూడా సూస్తాన్లే” అన్నాడు. డబ్బాని టీవీ బల్ల మీదే వదిలేశాను.

ఆ సాయంత్రం ఎనిమిదికి టీవీ ఆగిపోయింది. పిల్లలు ఎగిరి గంతులేశారు. “నాన్న కట్టీసినాడు!” అని అరిచారు. చిన్ను దొర్లలేదు, ఏడవలేదు. బుద్ధిగా చేయి ఊపి పక్క మీదికి వెళ్ళిపోయాడు. మా ఆయన ఏదో కిటుకు పట్టాడనుకున్నాను. డ్రైవింగులో ఉంటాడని ఫోను చెయ్యలేదు. పొద్దుట మాట్లాడే రెండు నిమిషాల్లో పిల్లల దగ్గు గురించో, కొళాయి గురించో అయిపోయేది. నిజం చెప్పాలంటే ఆ రాత్రులు నేను చాలా నిశ్చింతగా నిద్రపోయాను. ఇంట్లో మరో మనిషి ఉన్నట్టు అనిపించింది.

అందుకే ఆ ఫోను తర్వాత అంత భయం వేసింది.

మర్నాడు పొద్దున్నే కిందికి దిగి పైడమ్మ గారికి చెప్పాను. నా మొదటి అనుమానం మనుషుల మీదే. ఎదురు మేడ మీంచో, మెట్ల మీంచో ఎవడో రిమోట్‌తో ఆడుకుంటున్నాడేమో. ఎనిమిదింటికి మా హాల్లోకి చూసేవాడు ఇంకేం చూస్తున్నాడో.

ఆవిడ పప్పు కొలుస్తూ విన్నారు. “ఓలమ్మా, మీ ఆయన రాయపూర్ నుండి టీవీ కట్టేద్దారనుకున్నాడా? మా మహానుభావుడు పక్కనే తొంగుని ఫేను కట్టేవోడు కాడు.”

“నవ్వకండి పిన్నిగారూ. నాకు భయంగా ఉంది.”

“భయం దేనికే? పద, సూద్దాం.”

ఆవిడ తమ ఇంట్లో ఉన్న రిమోట్లు రెండూ తెచ్చి నొక్కి చూశారు. మా టీవీ కదల్లేదు. ఎదురు మేడ ఖాళీ అని, వాళ్ళు బిడ్డ పురిటికి వెళ్ళి నెల దాటిందని చెప్పారు. మాటల్లో ఇంకో సంగతి బయటపడింది. సందె దీపం పెట్టగానే ఆవిడ వైఫై డబ్బా స్విచ్చి కట్టేస్తారట. “రాత్రల్లా ఎలుగుతా ఉంటే కరెంటు దండగ కాదేటి?” అన్నారు. అంటే ఎనిమిదికి మా ఇంట్లో ఇంటర్నెట్టే ఉండదు. ఆ నల్ల డబ్బాకి టీవీ భాష రాకపోవడం సరే, ఆ వేళకి దానికి చెప్పేవాళ్ళు కూడా లేరు.

ఆ సాయంత్రం కిటికీలన్నీ మూసి దుప్పట్లు కట్టాను. తలుపు గడియ వేసి దాని ముందు కుర్చీ పెట్టాను. ఎనిమిదికి టీవీ ఆగింది.

టీవీ పెట్టకుండా ఉంటే పోయేది కదా అనొచ్చు. నాకూ ఆ ఆలోచన వచ్చింది. కాని పెట్టకపోతే అది రావడం మానేస్తుందని ఏమిటి నమ్మకం? వచ్చిందో లేదో తెలియకుండా ఆ గదిలో కూర్చోవడం నాకు ఇంకా కష్టం.

ఆ మర్నాడు మెయిన్ రోడ్డు నుంచి టీవీ మెకానిక్‌ని పిలిచాను. పెద్దాయన. వెనక మూత విప్పి గంటసేపు చూశాడు. వేళకి ఆగిపోయే ఏర్పాటు ఈ మోడల్‌కి లేదన్నాడు. “వేడెక్కి ఆగిపోతే ఓరోజు ఏడుకి, ఓరోజు తొమ్మిదికి ఆగాల గాని, గడియారం సూసుకొని ఆగదు కదమ్మా. దీనికి రోగమేటీ నేదు” అని మూత బిగించేశాడు.

ఆ నల్ల డబ్బా వైరు పీకి, అటుకుల స్టీలు డబ్బాలో పెట్టి మూత వేసి వంటింటి అలమారలో పెట్టాను. సాయంత్రం పావుతక్కువ ఎనిమిది నుంచి ఫోను కెమెరా పట్టుకుని గదంతా చూస్తూ నిలబడ్డాను. ఎవరు ఏ మూల నుంచి రిమోట్ నొక్కినా ఊదా చుక్క కనపడాలి. ఎక్కడా ఏదీ మెరవలేదు. మా ఆయన ఇంట్లో ఉంటే కూర్చునే ప్లాస్టిక్ కుర్చీ, గోడకి పిల్లలు గీసిన గీతలు, నా పిల్లల తలలు. అంతే. ఎనిమిదికి టీవీ ఆగి ఎర్ర లైటు వెలిగింది.

పిల్లలు చేతులెత్తారు. “ఎవరికీ గుడ్‌నైట్ చెప్పొద్దు” అని గట్టిగా కసిరాను. చిన్ను బిక్కమొహం వేశాడు. లాస్య మాత్రం, “చెప్పకపోతే నాన్న బాధపడతాడమ్మా” అంది.

“అది నాన్న కాదే.”

“మరెవరు?”

ఇద్దరినీ పడగ్గదిలోకి పంపేశాను. మా ఆయనకి చెబితే నవ్వాడు. “టీవీ ముసిలిదైపోనాది. ఎనిమిదయ్యేసరికి దానికీ నిద్దరొచ్చేస్తంది” అన్నాడు. సరుకు ఎత్తుకున్నానని, ఎల్లుండి పొద్దుటికి ఘాటీ దిగి ఇంటికి వచ్చేస్తానని చెప్పాడు.

మరుసటి రోజు నాకు ఒక ఉపాయం తోచింది. టీవీ అడుగున ఎర్ర లైటు పక్కనే మెంతిగింజంత నల్లటి కన్ను ఉంటుంది. రిమోట్ కిరణం ఎటు నుంచి వచ్చినా దాంట్లోంచే లోపలికి పోవాలి. ఇన్సులేషన్ టేపు కోసం వెతికితే దొరకలేదు. అద్దం అంచున అంటించి ఉన్న నా స్టిక్కర్ బొట్లు కనిపించాయి. నల్ల వెల్వెట్ బొట్టు ఒకటి తీసి ఆ కన్ను మీద అంటించాను. దాని మీద ఇంకోటి. ఇప్పుడు ఎవరొచ్చినా నా ఇంట్లో టీవీ ఆపలేరు.

ఆ సాయంత్రం ఎనిమిదైంది. టీవీ నడుస్తూనే ఉంది.

ఎనిమిదీ ఐదు. ఎనిమిదీ పది. గెలిచాననుకున్నాను. కారణం దొరికింది, అది కంటికి కనపడని ఏదో కిరణమే, రేపు మెకానిక్‌కి చెబుతాను అనుకున్నాను. అప్పుడు లాస్య నా వైపు తిరిగింది. “అమ్మా, నాన్న ఇంకా కట్టలేదేం?”

మా ఆయనకి ఫోను చేశాను. స్విచ్చాఫ్ అని వచ్చింది.

ఘాటీలో సిగ్నల్ ఉండదు, అది నాకు తెలుసు. కాని అప్పుడు ‘అందుబాటులో లేరు’ అని చెబుతుంది. స్విచ్చాఫ్ అని ఎప్పుడూ రాలేదు. పదిసార్లు చేశాను. రాత్రి వాన మొదలైంది. పిల్లలు పడుకోనన్నారు. నాన్న కట్టలేదు కాబట్టి ఇంకా ఎనిమిది కాలేదట. నేను బొత్తాం నొక్కబోతే చిన్ను నా చెయ్యి పట్టుకుని ఆపేశాడు.

మూడు రోజులుగా ఎందుకు ఆగుతోందని వణికిన దాన్ని, ఇప్పుడు ఎందుకు ఆగడం లేదని వణకడం మొదలుపెట్టాను. బొట్టు అంటించినందుకు ఆగలేదా? లేక ఆపేవాళ్ళు లేక ఆగలేదా? అది తెలియాలంటే ఆ బొట్టు పీకాలి.

పీకడానికి టీవీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. గోరు దాని అంచు కిందికి పోయింది. అక్కడే ఆగిపోయింది. భర్త ఘాటీ మీద ఉండి, ఫోను పలకని రాత్రి, నా చేత్తో నేను బొట్టు తీయడమా? అది నా నుదుటిది కాదు, టీవీది. పది రూపాయల అట్టలోది. నాకు తెలుసు. అయినా వేలు కదల్లేదు. నేనలా ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. వెనక పిల్లల మాటలు ఆగిపోయాయి. తిరిగి చూస్తే ఇద్దరూ చాప మీద ఒకరి మీద ఒకరు కాళ్ళు వేసుకుని నిద్రపోయారు.

చివరికి రెండు బొట్లూ ఒకేసారి లాగాను. కింద పడనివ్వలేదు, గాలి తగలనివ్వలేదు. ఒకదాని మీద ఒకటి అలాగే ఉన్నవి నా నుదుటి మీద అంటించేసుకున్నాను. అప్పటికే ఉన్న బొట్టు పక్కనే, వంకరగా.

తర్వాత టీవీకి ఎదురుగా గోడకి ఆనుకుని కూర్చున్నాను. శబ్దం తగ్గించాను. జీవితంలో మొదటిసారి కనపడని దానితో మాట్లాడాను. “కట్టెయ్యి” అన్నాను. “కట్టెయ్యి బావా, పిల్లలు పడుకున్నారు.”

గోడ గడియారంలో పదికి ఇరవై నిమిషాలు తక్కువ ఉండగా టీవీ ఆగింది. ఎర్ర లైటు వెలిగింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

నేను భయపడలేదు. అక్కడే కూర్చుని చాలాసేపు ఏడ్చాను.

పొద్దున్న ఐదున్నరకి తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. మా ఆయన గొంతు.

“ఒసే, కంగారు పడ్డావేటి? నాను బాగున్నాను. ఫోను పగిలిపోనాది. ఇది సాలూరోళ్ళ బండి, ఆల ఫోను.”

ఒడిశాలోని సుంకి దాటి ఘాటీ దిగుతుంటే చీకటి పడే వేళకి బ్రేకు గాలి గొట్టం లీకైందట. “బ్రేకుకి గాలి నింపేది ఇంజనే, అది కట్టీస్తే ఉన్న గాలి కూడా దిగిపోద్ది, బండి ఆగదు. అందుకని ఇంజను నడుస్తానే ఉంది, నాను బ్రేకు మీద కాలు తియ్యనేదు. ఎనకాల వొచ్చినోళ్ళు సెక్రాల కింద రాళ్ళేసి, గొట్టం కట్టీసరికి పేణం పోయినంత పనైంది. గొట్టం లీకైనప్పుడే, బండి కుదుపుకి ఫోను కింద పడిపోనాది.”

“ఇంజను ఎప్పుడు కట్టినావు బావా?”

“ఏటీ?”

“ఇంజను. ఎన్నింటికి కట్టినావు?”

“తొమ్మిదిన్నర దాటుంటాది. ఎందుకలా అడుగుతన్నావు?”

“మామూలు రోజుల్లో ఎనిమిదికి ఏం చేస్తావు?”

“ఏటి సేస్తాను, బోజనానికి బండి ఆపుతాను. ఎక్కడున్నా ఎనిమిదికి ఆపీడమే. తాళం తిప్పీసి, పిల్లలు పడుకుంటారు ఈపాటికి అనుకొని దిగుతాను.” మళ్ళీ తనే అన్నాడు, “నిన్న పాపం పిల్లలు పడుకున్నారో నేదో అనుకున్నాను.”

ఇదంతా జరిగి చాలా నెలలైంది. మా ఆయన ఆ రోజు మధ్యాహ్నానికి ఇంటికి వచ్చాడు. వారంలో ఎవరి దగ్గరో మా టీవీ రిమోట్ లాంటిదే సంపాదించి తెచ్చాడు. ఆ తర్వాత నేను ఎనిమిదికి ఐదు నిమిషాల ముందే టీవీ కట్టేస్తున్నాను. ఎందుకో చెప్పలేను. మళ్ళీ అలా ఆగితే భయం, ఆగకపోతే ఇంకా భయం. అటుకుల డబ్బాలో ఆ నల్ల రిమోట్ ఇంకా ఉంది. దానికి మా టీవీ భాష రాదని, ఆ వేళకి ఇంటర్నెట్ లేదని, ఆ రాత్రి అతని దగ్గర ఫోనే లేదని నాకు తెలుసు. వంద కిలోమీటర్ల అవతల లారీ తాళం తిప్పితే ఇక్కడ టీవీ ఎలా ఆగుతుందో నేను చదివిన చదువులో ఎక్కడా లేదు. నాకు తెలియదు. ఈ రాత్రి కూడా అతను రోడ్డు మీదే ఉన్నాడు. పిల్లలు పడుకున్నారు. టీవీ కన్ను పక్కన బొట్టు జిగురు మరక ఇంకా పోలేదు.

ఆ రోజు పొద్దున్న ఫోను పెట్టేసి లోపలికి వచ్చేసరికి లాస్య చాప మీద లేచి కూర్చుని టీవీ వైపు చూస్తోంది. నా నుదుటి మీద రెండు బొట్లు చూసింది గాని ఏమీ అడగలేదు.

“అమ్మా, రాత్రి నాన్న కట్టలేదా?” అంది. చిన్ను కూడా కళ్ళు నులుముకుంటూ లేచాడు.

ఇద్దరినీ దగ్గరకి తీసుకుని చెప్పాను. “కట్టాడమ్మా. ఘాటీలో బండి ఆగిపోయింది, అందుకే ఆలస్యమైంది. మీరు పడుకున్నాక కట్టాడు. నేను చూశాను.”